వెనుక వచ్చిన కొమ్ములు

కంప్యూటరుచేత పని చేయించుటకు మానవులు కల్పించిన భాషలు పెక్కు గలవు. వానిలో పెర్ల్‌ను 1987లో అమెరికాకు చెందిన లారీ వాల్, పైథాన్‌ను 1991లో నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ వెలువరించిరి.

పెర్ల్ వాడుకరులు తాము వ్రాసిన ప్రోగ్రాములను ఎల్లరును ఉచితముగా గ్రహించుటకై 1995లో ఇంటర్నెట్టునందు సీపాన్ అను భాండాగారమును నెలకొల్పిరి. ఆ కాలమున వెబ్‌సైట్ల నిర్మాణమునందు పెర్ల్ మిక్కిలి వ్యాప్తి గాంచెను. పైథాన్ భాండాగారమగు పైపీఐ 2003లో గాని ఏర్పడలేదు.

అయినను నేడు పైథాన్ వాడుకయే మిక్కిలి హెచ్చు. ఏల? పెర్ల్‌లో ఒకే పనిని పలువిధముల వ్రాయవచ్చును. కావున ఒకరు వ్రాసినది మరియొకరికి బోధపడుట తరచు కష్టమగును. పైథాన్ వ్రాత స్పష్టము. అందుచే విద్యార్థులును శాస్త్రజ్ఞులును దాని నాశ్రయించిరి. వారి కూర్పులతో భాండాగారము నిండెను.

ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యనుట యిట్టిదే. తోడివారికి సుబోధమగు భాషయే జనాదరణ పొందును.