కాగితం కొంగ కుదరక ఏడుస్తోంది

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. వీడియో చూసి జపాన్ కాగితపు కొంగ చేయబోతుంది. మడతలు కుదరక చించేసి ఏడుస్తుంది. ఓపిక లేదనుకోవాలా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: ఓపిక తక్కువై కాదమ్మా, ఆ బొమ్మ పాప వయసుకు మించినది. అందులో ఒకచోట పై పొరను ఎత్తి, రెండు అంచులనూ ఒకేసారి లోపలికి నొక్కాలి. ఐదేళ్ల వేళ్లకు ఆ పట్టు ఇంకా రాదు. కొంగను కొన్నాళ్లు పక్కన పెట్టి పిచ్చుక చేయించండి.

పాత క్యాలెండర్ కాగితం మీద చిన్న ప్లేటు బోర్లించి చుట్టూ గీయమనండి. మొండి మొనల కత్తెరతో పాపే కత్తిరించాలి. ఆ గుండ్రాన్ని సగానికి మడిచి, మడత పైకి ఉండేలా పట్టుకుంటే పిట్ట ఒళ్లు సిద్ధం. నడుమ రెండు పొరలూ తెగేలా చిన్న చీలిక మాత్రం మీరు పెట్టండి. నోటుబుక్కు కాగితం సగం ముక్కను ముందుకోసారి, వెనక్కోసారి సన్నగా మడిచి, చీలికలో దూర్చి, రెండువైపులా విప్పితే రెక్కలు. ముక్కు, కన్ను పాప ఇష్టం.

మడత వంకరగా వచ్చినా మీరు సరిచేయకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సరిచేసిన ప్రతిసారీ తనకు చేతకాదనే అనుకుంటుంది. పక్కనే కూర్చుని మీ పిట్ట మీరు చేసుకోండి, చూసి నేర్చుకుంటుంది.

బొత్తాలు పెట్టుకోవడం, చెంచా, క్రేయాన్ పట్టుకోవడం కూడా కష్టంగా ఉంటే, చేతులు త్వరగా అలసిపోతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వారే పంపుతారు.