జ్వరం తగ్గకపోతే గుండె కవాటం సంగతి చెప్పండి

చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లు, కృత్రిమ కవాటం వేయించుకున్నవాళ్లు అమెరికాలోని మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. అలాంటివాళ్లు జ్వరం తగ్గకపోయినా, సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడిందని టైలెనాల్ వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చోవడం చాలా ప్రమాదం. ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు అసలే వద్దు. అవి పడితే, రక్తంలో క్రిముల్ని వెతికే బ్లడ్ కల్చర్ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. "నాకు కవాటం సమస్య ఉంది, బ్లడ్ కల్చర్ చేయండి" అని మీరే అడగండి. అర్జెంట్ కేర్‌లో కుదరదంటే ఎమర్జెన్సీకి వెళ్లండి.

తొందర ఎందుకంటే, ఆ జ్వరం కవాటానికి క్రిములు పట్టిన జబ్బు వల్ల కావచ్చు. కవాటం మీద పేరుకున్న క్రిముల ముద్దలోంచి ముక్క ఊడి రక్తంతోపాటు మెదడుకు చేరొచ్చు. పక్షవాతం రావచ్చు, మెదడులో చీముగడ్డ కట్టొచ్చు, రక్తనాళం ఉబ్బి చిట్లొచ్చు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు 20 నుంచి 40 శాతం మందికి మెదడు సమస్యలు వస్తాయి. సరైన మందు పడితే వారం తిరిగేసరికి ముప్పు బాగా తగ్గుతుంది. మీటింగులో మాట తడబడినా, టైప్ చేస్తుంటే ఒక చెయ్యి మొరాయించినా వెంటనే 911కి ఫోన్ చేయించండి. అంబులెన్స్‌లో వచ్చినవాళ్లకు జ్వరం సంగతి, కవాటం సంగతి ముందే చెప్పాలి. మామూలు పక్షవాతానికి ఇచ్చే గడ్డ కరిగించే మందు ఈ జబ్బులో మెదడులో రక్తస్రావం తెచ్చిపెట్టగలదు.

నరంలోకి మందు ఎక్కించడమే సాధారణంగా 4 నుంచి 6 వారాలు. అన్నాళ్లు పనికి వెళ్లలేకపోతే, 1993 నాటి ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం కింద 12 వారాల సెలవు దొరుకుతుంది. జీతం రాదు గానీ ఉద్యోగం, ఆరోగ్య బీమా నిలుస్తాయి. అదే సంస్థలో 12 నెలలు, గత ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. 75 మైళ్ల లోపు ఆ సంస్థకు 50 మంది ఉద్యోగులుండాలి. హెచ్-1బి మీద ఉన్నా ఈ హక్కు మీదే. ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్లకు దేశంలో ఉండేందుకిచ్చే 60 రోజుల గడువు మంజూరైన సెలవుకు పట్టదు. కన్సల్టెంట్లు క్లయింట్ మేనేజర్‌తో చెప్పి ఊరుకోకండి, జీతం వేసే కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. డాక్టరు సర్టిఫికెట్ అడిగితే ఇవ్వడానికి 15 రోజులుంటాయి. మీ పై మేనేజరు నేరుగా డాక్టరుకు ఫోన్ చేయకూడదు.

తిరిగి పనికి వెళ్లాక త్వరగా అలసిపోవడం, పేర్లు గుర్తురాకపోవడం ఉండొచ్చు. దాన్ని దాచిపెట్టి నెట్టుకురావద్దనే నేను గట్టిగా చెబుతాను. వైకల్యం ఉన్నవాళ్లకు రక్షణనిచ్చే ఏడీఏ చట్టం కింద కొన్నాళ్లు తక్కువ గంటలు, పనులు రాతలో ఇవ్వడం లాంటివి అడగొచ్చు. కారు నడపడానికి డాక్టరు అనుమతి తీసుకోండి.

ఈ జబ్బు రాకుండా చూసుకోవడానికి, కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లు పళ్లు క్లీనింగ్‌కు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. పెనిసిలిన్ పడేవాళ్లకు సాధారణంగా గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు.