లూపస్ రిపోర్టు చేతికొస్తే: ఏడు అనుభవ పాఠాలు

ఉద్యోగమంతా ల్యాబులో, చీకటిగది మైక్రోస్కోపు ముందే గడిచింది. లూపస్ పరీక్షల కాగితాలు పట్టుకుని కంగారుగా వచ్చినవాళ్లకు చెబుతూ వచ్చిన మాటలివి. లూపస్ అంటే ఒంటి రక్షణవ్యవస్థ ఒంటిమీదే తిరగబడే జబ్బు. ఇది వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు కాస్త శ్రద్ధగా చదవండి.

1. ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాల మీద తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్ అనగానే లూపస్ అని ఖాయం చేసుకోవద్దు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. 2019 అంతర్జాతీయ ప్రమాణాల్లో 1:80 పలుచన దగ్గర పాజిటివ్ రావడం గుమ్మం మాత్రమే. కీళ్లు, చర్మం, కిడ్నీలు, రక్తకణాలు అన్నీ చూశాకే డాక్టరు తేలుస్తారు. నెగెటివ్ వస్తే మాత్రం లూపస్ అయ్యే అవకాశం బాగా తక్కువ.

2. లక్షణాల్లేకుండా పాజిటివ్ వస్తే మందులకు తొందరపడొద్దు, అలాగని మరిచిపోనూ వద్దు. అమెరికా సైన్యం భద్రపరచిన రక్తనమూనాలను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం వెలువరించారు. 130 మంది లూపస్ రోగుల్లో 115 మందికి జబ్బు తేలకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది.

3. డీఎస్ డీఎన్ఏ (జంటపోగుల డీఎన్ఏ మీది యాంటీబాడీ) పరీక్ష బరువైనది. క్రిథీడియా అనే ఏకకణజీవి ఉన్న స్లైడు మీద రోగి సీరం వేస్తాం. కణంలో కేంద్రకం కాక, విడిగా ఉన్న చిన్న చుక్క పచ్చగా మెరిసిందా, పాజిటివ్. ఆ చుక్క నిండా జంటపోగుల డీఎన్ఏయే ఉంటుంది. యాంటీ ఎస్ఎం అనే మరో యాంటీబాడీ కొద్దిమందిలోనే వస్తుంది, వస్తే గట్టి సాక్ష్యం. దాన్ని పదేపదే చేయించి డబ్బు తగలేసుకోనక్కర్లేదు.

4. ఒక్క అంకె చూసి బెంబేలెత్తకండి, వరస చూడండి. జబ్బు రేగినప్పుడు యాంటీబాడీలు సీ3, సీ4 అనే ప్రొటీన్లను ఖర్చు చేసేస్తాయి. డీఎస్ డీఎన్ఏ పెరుగుతూ ఇవి పడిపోతుంటే కిడ్నీల మీద కన్నేయాలి. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి.

5. జ్వరం వస్తే ఈఎస్ఆర్, సీఆర్పీ అనే వాపు పరీక్షలు రెండూ అడగండి. లూపస్ రేగితే తరచూ ఈఎస్ఆరే పెరుగుతుంది. సీఆర్పీ బాగా ఎగబాకితే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. గుండె, ఊపిరితిత్తుల పొరలు వాచినా అది పెరగొచ్చు.

6. రక్తం ఎంత బాగున్నా మూత్రపరీక్ష మానొద్దు. కిడ్నీ దెబ్బతింటున్నా తొలిరోజుల్లో నొప్పి ఉండదు. రోజుకు అర గ్రాము మించి ప్రొటీన్ పోతుంటే బయాప్సీ గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే.

7. బిడ్డ కావాలనుకునే ముందే యాంటీ రో, యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ పరీక్షలు చేయించండి. మొదటిది ఉన్న తల్లుల బిడ్డల్లో కొద్దిమందికి కడుపులోనే గుండె వేగం పడిపోతుంది. రెండోది గర్భస్రావాలకు, రక్తం గడ్డకట్టడానికి దారితీస్తుంది. అది పాజిటివ్ వస్తే కనీసం 12 వారాలయ్యాక మళ్లీ చూడాలి.

చివరిగా ఒక్క మాట. అంకెలు బాగున్నాయని లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను సొంతంగా ఆపేయకండి. చాలాసార్లు అవి బాగుండటానికి కారణం ఆ మాత్రే.