మరణదండనమును గూర్చి క్రైస్తవుల యభిప్రాయములు

దుష్టశిక్షణకై ప్రభుత్వమునకు దేవుఁడే ఖడ్గమొసఁగెనని పౌలు రోమీయులకు వ్రాసెఁ గావున మరణదండనము ధర్మ్యమని క్రైస్తవులలోఁ గొందఱందురు. వ్యభిచారిణిని రాళ్లతోఁ జంపవచ్చినవారిని, పాపరహితుఁడే తొలిరాయి వేయవలెనని క్రీస్తు మరలించెనని మఱికొందఱు చూపుదురు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వాసులకీ వివాదము దూరమైనది కాదు. లండను మిషనువారు 1822 మొదలు క్షమను బోధించిన కడప జిల్లాలోనే, నాఁడు దానికిఁ జేరిన కోవెలకుంట్లయందు, 1847 ఫిబ్రవరి 22న క్రైస్తవ ప్రభువులగు కుంపిణీవారు, తిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని బహిరంగముగా నురిదీసి, శిరస్సును 1877 వఱకు కోటపై వ్రేలాడనిచ్చిరి. పౌలు చెప్పిన ఖడ్గ మిందులకేనా?

ఘోరాపరాధియు మానవగౌరవమును గోల్పోవఁడని చెప్పి, పోపు ఫ్రాన్సిసు 2018లో కతోలిక బోధను సవరించి, మరణదండన మంగీకార్యము కాదనెను. పశ్చాత్తాపముచేఁ బాపి తరించునని నమ్మువారు, ఆ పశ్చాత్తాపమునకు వలయు నాయువును ద్రెంచుట యెట్లు పొసఁగును?