విప్పగలిగిన వస్తువే కొనుక్కో

మార్కాపురం

చిరంజీవి మాధవికి,

నువ్వు హైదరాబాదులో ఉద్యోగంలో చేరావనీ, మొదటి జీతంతో ఫోను, ఆ తర్వాత ల్యాప్‌టాప్ కొనుక్కోవాలనుకుంటున్నావనీ మీ నాన్న గిద్దలూరు నుంచి ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం, తల్లీ. మోడళ్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కొన్న వస్తువు పదికాలాలపాటు మన్నాలంటే ఏం చూడాలో మాత్రం నాకు తోచింది రాస్తున్నాను.

ఎంత వేగం, ఎన్ని కెమెరాలు అని చూసేముందు ఒక మాట అడుగు: ఇది పాడైతే ఎవరు విప్పగలరు? తయారుచేసినవాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేని వస్తువును ఎంత డబ్బు పోసి కొన్నా అది పూర్తిగా నీది కాదు. వాళ్లు పట్టించుకున్నంత కాలమే అది నడుస్తుంది.

మీ తాతయ్య చేతి గడియారం నీకు గుర్తుండే ఉంటుంది, హెచ్‌ఎంటీది. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాల తయారీ మొదలైంది. ఆ గడియారాల కంపెనీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. తాతయ్య గడియారం మాత్రం ఆగలేదు. పొద్దున్నే కీ ఇస్తే మర్నాటిదాకా నడుస్తుంది. వెనక మూత తీస్తే స్ప్రింగు, పళ్లచక్రాలు అన్నీ కంటికి కనబడతాయి. ఒకే రకం యంత్రం లక్షల్లో తయారైంది కాబట్టి, పాత గడియారాల్లోంచి తీసిన భాగాలు ఇంకా దొరుకుతున్నాయి. దాన్ని శుభ్రం చేసి నూనె వేసే విద్య కంపెనీ గోడల మధ్యే ఉండిపోకుండా ఊరూరా గడియారాల కొట్లలోకి వచ్చింది. అందుకే కంపెనీ పోయినా గడియారం మిగిలింది.

ఇంట్లో ఉన్న ట్రాన్సిస్టర్ రేడియో కూడా అంతే. ఏ కంపెనీ రేడియో అయినా 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని పట్టుకునేది. ఏ కిరాణా కొట్లో కొన్న బ్యాటరీలయినా అందులో సరిపోయేవి. రాజమండ్రిలో రత్నంగారు 1930లలో చేతితో చేసిన పెన్నుల పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు, వాటి సంగతీ అంతే. పాళీ అరిగితే పాళీ మారుస్తారు, పెన్ను పారేయరు.

ఇక మన ఊరి పలక. ఇది మార్కాపురంవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి. అయినా నీ తరం దాన్ని చేత్తో పట్టుకున్నది తక్కువ గనుక చెబుతున్నాను. మన చుట్టూ ఉన్న పలకరాయి వందకోట్ల ఏళ్లకు పైబడినది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరలకు మన పక్కనున్న కంభం ఊరి పేరే పెట్టారు. ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. దాన్ని పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక తయారైనట్టే. కరెంటు అక్కర్లేదు, కొత్త వెర్షన్ రాదు. రాసింది చెరిపేస్తే మళ్లీ కొత్తదే. చెక్క ఊడితే ఇంట్లోనే మేకు కొట్టుకోవచ్చు. అన్న అక్షరాలు దిద్దిన పలక మీదే చెల్లెలూ దిద్దేది. మన ఊరి పలకలు దూరదూరాల బడులకు వెళ్లాయి.

కానీ ఆ పలక వెనక ఏముందో కూడా నువ్వు తెలుసుకోవాలి. రాయి కోసేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆ జబ్బుతో మనవాళ్లు ఎందరో కుంగిపోయారు. ఒకప్పుడు బడికి వెళ్లాల్సిన పిల్లలు కూడా పలకల ఫ్యాక్టరీల్లో పనిచేశారు. ఇప్పుడు నీ ఫోను బ్యాటరీలో వాడే కోబాల్ట్ చాలావరకు కాంగో గనుల నుంచి వస్తుంది. అక్కడి చిన్న గనుల్లోనూ పిల్లలు పనిచేస్తున్నారు. అందుకే నేను మన్నిక గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఇది డబ్బు ఆదా చేసే లెక్క మాత్రమే కాదు. ఒకరు ఊపిరి పణంగా పెట్టి చేసిన వస్తువును రెండేళ్లకే పారేయడం అన్యాయం.

ఇప్పుడు నీ కొనుగోలు సంగతి. ఫోను విషయంలో మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడుగు. గూగుల్ 2023లో, శామ్‌సంగ్ 2024లో తమ పెద్ద ఫోన్లకు ఏడేళ్ల మాట ఇచ్చాయి. అంత ఖరీదు పెట్టలేకపోతే తక్కువ ధరలోనే ఎక్కువ ఏళ్లు ఇచ్చేది వెతుకు. బ్యాటరీ, స్క్రీను మార్చడానికి ఎంతవుతుందో కొనకముందే కనుక్కో. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ నుంచి ఫోన్లకు కొత్త నియమం వచ్చింది: ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కంపెనీ ఏడేళ్లపాటు విడిభాగాలు ఇవ్వాలి. మన దేశంలోనూ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. కంపెనీలు విడిభాగాలు, సర్వీసు కేంద్రాల వివరాలు అందులో పెడుతున్నాయి. ఒకసారి చూడు.

ల్యాప్‌టాప్ అయితే అడుగు మూత స్క్రూలతో ఊడేది చూడు. ర్యామ్, స్టోరేజి, బ్యాటరీ మూడూ మార్చుకునే వీలుంటే, నాలుగేళ్ల తర్వాత కొద్ది ఖర్చుతో అది మళ్లీ చురుగ్గా పనిచేస్తుంది. అన్నీ బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్‌లో ఒక్క భాగం చెడితే మొత్తం పోయినట్టే.

కొన్నాక జాగ్రత్త నీది. లిథియం బ్యాటరీకి వేడే శత్రువు. వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు ఫోను బండి మీద ఎండలో పెట్టకు, దిండు కింద చార్జింగు పెట్టకు. రోజూ నూటికి నూరు శాతం నింపాల్సిన పని లేదు, ఎనభై దాకా చాలు. సున్నాదాకా దించకు. చదువుకునేటప్పుడు కొన్న క్యాలిక్యులేటర్ పారేయకు, దానికి అప్‌డేట్లు అక్కర్లేదు. పాత ఫోను పనిచేస్తుంటే అమ్మకు ఇవ్వు. పని చేయకపోతే చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వు.

ఎవరైనా నీ ఫోను పాతదైపోయిందని అంటే చిన్నబోకు. ఒక వస్తువును చివరిదాకా వాడుకోవడం పిసినారితనం కాదు, దాన్ని చేసిన చేతులకు మనమిచ్చే మర్యాద. కొట్లోకి వెళ్లినప్పుడు మూడు మాటలు తప్పకుండా అడుగు: ఎవరు విప్పగలరు, విడిభాగాలు దొరుకుతాయా, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. వాళ్లు సూటిగా జవాబు చెబితే కొను, నీళ్లు నమిలితే పక్క కొట్టుకు వెళ్లు. వాళ్లేం చెప్పారో నాకు ఉత్తరం రాయి.

వేళకు తిను, ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ పెదనాన్న