కొలిచాకే కొనుగోలు

పదవీ విరమణ తర్వాత న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటికి వెళ్లాను. వాడు 1952 నాటి టాప్స్ బేస్‌బాల్ కార్డులు సేకరిస్తున్నాడు. సెట్టు మొత్తం 407 కార్డులు. "బబుల్‌గమ్‌తో వచ్చిన బొమ్మలకు ఇంత ఖరీదేమిట్రా?" అన్నాను.

"311 నుంచి 407 వరకు కార్డులు సీజన్ చివర్లో వచ్చాయి నాన్నా. సరిగా అమ్ముడుపోలేదు. మిగిలినవి 1960లో సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గరే చెప్పాడు. అందుకే అవి అరుదు" అన్నాడు. 311వ కార్డు మికీ మాంటిల్‌ది. చెక్కుచెదరని ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అందుకే సెట్టు కట్టేవారు ముందు చౌక కార్డులన్నీ పూర్తిచేసి, ఖరీదైన వాటికి పొదుపు చేస్తారు.

ఒక ఆదివారం కార్డుల సంతలో ఒకాయన 400 దాటిన నంబరు కార్డు చూపించాడు. మూలలు నలిగాయని ధర తగ్గించాడట. మావాడు రెండేళ్ల పొదుపు తీయబోయాడు. నాకు క్యాష్ కౌంటర్ అలవాటు పోలేదు. తిప్పి చూస్తే వెనక ఒకచోట గీకినట్టుంది.

"అసలుది ఎంత ఉండాలి?"

"67 మిల్లీమీటర్ల వెడల్పు, 95 పొడవు."

స్కేలు పెట్టాం. 64, 89! 1983లో అదే కంపెనీ వేసిన పునర్ముద్రణ కొలత అది. గీకేసింది 'రీప్రింట్' అన్న మాటనే అయ్యుండాలి.

సెట్టులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. డబ్బు మాత్రం ఖాతాలో భద్రం. స్టాంపులు, నాణేలు సేకరించే మన పిల్లలకూ ఇదే పాఠం: ముందు అసలుది ఎలా ఉంటుందో నేర్చుకోండి, ధర తర్వాత అడగండి.