కార్బన్ డయాక్సైడ్ మంటలార్పు సిలిండరు – వాడే విధానం



సాలూరు కొండదారుల వెంబడి ఉన్న సంఘాలకు అగ్నిమాపక శకటం చేరేలోగా కూలరు, జనరేటరు, దాణా అన్నీ బుగ్గి కావచ్చును. గదిలోని సిలిండరే మనకు మొదటి దిక్కు. ఒక సంఘంలో అది దాణా బస్తాల వెనుక పడి ఉండగా మేము చూశాము. అలా ఉంటే ఉన్నా లేనట్లే. దానిని తలుపు దగ్గర, చేతికందే ఎత్తులో తగిలించవలెను.

ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. మంటకు ప్రాణవాయువు అందనీయక ఆర్పుతుంది. మూసిన గదిలో మనిషికీ అంతే చేయగలదు. 1986 ఆగస్టు 21న ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు నుండి వెలువడిన ఇదే వాయువు పల్లపు గ్రామాలలో సుమారు 1,700 మందిని, వేలాది పశువులను బలిగొన్నది.

వాడే పద్ధతి:

1. అందరినీ బయటకు పంపి, 101కి ఫోను చేయించవలెను. వీలైతే మెయిన్ స్విచ్ ఆపవలెను.
2. తలుపు మన వీపు వైపు ఉండేటట్లు నిలబడవలెను.
3. పిన్ను లాగి, పిడినే పట్టుకొనవలెను. గరాటును ముట్టరాదు. వాయువు సున్నాకు దిగువ 78 డిగ్రీల చలితో వచ్చి చర్మాన్ని కాల్చినట్లు గాయపరుస్తుంది.
4. రెండు మీటర్ల దూరం నుండి మంట మొదలుకు గురిపెట్టవలెను. సిలిండరు కొద్ది సెకన్లలోనే ఖాళీ అవుతుంది. మంట ఆరకపోతే వెంటనే బయటకు రావలెను.
5. ఆరిన తరువాత తలుపులు తెరచి, బాగా గాలి ఆడేవరకు లోపలికి పోరాదు.

ఇది విద్యుత్తు, డీజిలు మంటలకు తగినది. గడ్డి, దాణా అంటుకుంటే లోపలి నిప్పు మరల రాజుకుంటుంది. కరెంటు ఆపి నీరు పోయవలెను.

ఈ సిలిండరుకు ప్రెషరు మీటరు ఉండదు. తూకమే గుర్తు. వాయువు పదోవంతు తగ్గితే మరల నింపించవలెను. రోజూ పాలు తూచే సంఘానికి ఈ తూకం భారం కాదు.